1890ల నాటి దెయ్యం నవలలో అనుమానాన్ని చివరిదాకా ఎలా నిలపాలి?

ముందు వెలుతురు సంగతి తేల్చుకోండి. గోదావరి జిల్లా మండువా లోగిట్లో అప్పటికి కరెంటు లేదు. ఆముదం దీపానికి బారెడు దూరంలో మనిషి ముఖం తెలుస్తుంది. వసారా చివర కదిలింది తెల్లచీరా, ఆరేసిన పంచా అన్నది తేలదు. సాక్షి అబద్ధమాడకుండానే పొరబడే చోటు అదే.

ప్రతి వింతకూ రెండు కారణాలు రాసిపెట్టుకోండి: దెయ్యానిదొకటి, మనిషిదొకటి. రెండోదాని ఆనవాలు ముగింపుకి ముందే కనీసం రెండుసార్లు కనబడాలి. లేకపోతే పాఠకుడు మోసపోయాననుకుంటాడు.

వేలిముద్రలతో దొంగను పట్టించకండి. కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టిందే 1897లో.

ఎక్కువమంది తప్పేది కాలం దగ్గర. ఘడియంటే 24 నిమిషాలు, జామంటే 3 గంటలు. పాలేరు చేత ‘రాత్రి 11:40కి’ అనిపిస్తే ఆ కాలం చెదిరిపోతుంది. ‘రెండో జాము ముగిసే వేళ’ అనిపించండి.