ఏప్రిల్ 1 అంత తేలిక కాదమ్మా

అమ్మా, ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు ‘చరిత్రలో ఈ రోజు’ అని ఏప్రిల్ 1 మీద నువ్వు రాసిన కాగితాలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. బడిపంతులు బుద్ధి రిటైరైనా పోదు కదా. నలభై మూడు సంగతులు రాశావు, సాయంత్రానికి నాకు గుర్తున్నవి మూడే. ఆ మూడూ మీ ఊరు పర్లాకిమిడివే.

మిగిలినవి తప్పని అనడం లేదు. రిజర్వు బ్యాంకు 1935లో ఆ రోజే మొదలైంది, రూపాయికి నూరు పైసలన్న లెక్క 1957లో ఆ రోజే వచ్చింది, ప్రాజెక్ట్ టైగర్ 1973లో ఆ రోజే పెట్టారు, అన్నీ నిజమే. కానీ ఇవన్నీ వచ్చి ఆ ఒక్క రోజు మీదే ఎందుకు పడ్డాయో అనుకున్నావా? సర్కారువారి లెక్కల సంవత్సరం 1867 నుంచి ఏప్రిల్ 1నే మొదలవుతోంది. కొత్త ఆఫీసైనా కొత్త నాణెమైనా కొత్త రాష్ట్రమైనా కొత్త పద్దుతో కలిపి మొదలుపెడితే గుమాస్తాలకి సుఖం. ఈ ఒక్క ముక్క రాసి కింద బ్యాంకునీ పైసలనీ పులినీ పేర్చావనుకో, చదివేవాడు ‘ఓహో’ అంటాడు. నువ్వు రాసినట్టు చాకలి పద్దులా ఒకదాని కింద ఒకటి వేస్తే పేజీ తిప్పేస్తాడు.

పుట్టుకలూ చావులూ పద్దు చూసుకుని రావు, నిజమే. అయినా పుట్టినరోజులని గుడ్డిగా నమ్మకు. నా సర్టిఫికెట్లో జులై 1 ఉంటుంది, మా అమ్మ మాత్రం నేను కార్తీకంలో చలికి వణుకుతూ పుట్టానని చెప్పేది. బళ్లో వేసేటప్పుడు వయసు సరిపోయేలా మేస్టారు వేసిన తేదీ అది. మా తరంలో జూన్ 1కీ జులై 1కీ పుట్టినవాళ్లు ఎంతమందో చూస్తే ఆ రెండు రోజులూ దేశంలో మంత్రసానులకి తీరిక దొరికేది కాదనుకోవాలి. ఇంట్లో జాతకం ఉంటే అదీ చూడు, కానీ దాంతో ఇంకో చిక్కు. మన వారం సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. సోమవారం రాత్రి తెల్లవారుజామున మూడింటికి పుట్టాడని నాయనమ్మ అంటే ఇంగ్లీషు లెక్కలో అది మంగళవారం. సంవత్సరం పేరుతోనూ ఇలాగే బోల్తా పడతాం. దుర్ముఖి అంటే 1956 అని ఠక్కున రాసేస్తారు, ఆ ఏడు ఫాల్గుణంలో పుట్టినవాడు 1957 వాడు. ఇంకా వెనకటి మనిషైతే 1896 కూడా దుర్ముఖే, అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది.

ఇంగ్లీషు తేదీలైనా స్థిరమని అనుకోకు. న్యూటన్ 1642 డిసెంబర్ 25న పుట్టాడని ఒక పుస్తకం అంటే 1643 జనవరి 4 అని ఇంకోటి అంటుంది, పాత క్యాలెండరూ కొత్త క్యాలెండరూ, రెండూ ఒప్పే. చంద్రుడి మీద మనిషి దిగింది 1969 జులై 20 అని రాస్తాం, మన గడియారంలో అప్పటికి అర్ధరాత్రి దాటి 21 వచ్చేసింది. శ్రీశ్రీ పుట్టినరోజు 1910 ఏప్రిల్ 30 అని ఒకచోటా జనవరి 2 అని ఒకచోటా కనిపిస్తుంది. అలాంటప్పుడు రెండూ రాసెయ్. ఒకటి దాచిపెట్టి తెలిసినట్టు నటించకు.

నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్తాను. కుర్రతనంలో ఒక చిన్న పత్రికకి ఇలాంటి శీర్షికే రాసేవాణ్ణి. వి.వి. గిరి మా బరంపురంలోనే 1894 ఆగస్టు 10న పుట్టారు, నేను తొందరలో 18 అని రాసి పడేశాను. మూడేళ్ల తర్వాత మళ్లీ రాయాల్సి వచ్చి అనుమానమొచ్చింది, ఎవరో వేసిన చిన్న పుస్తకం తిరగేస్తే అందులోనూ 18 ఉంది. హమ్మయ్య, రూఢి అయిందనుకుని మళ్లీ అదే రాశాను. తర్వాత చూసుకుంటే ఆ పుస్తకంలోని వాక్యం నాదే, నా అచ్చుతప్పుతో సహా! అందుకే రెండు చోట్ల ఉంది కాబట్టి నిజమని నాతో అనకు. ఆ రెండో చోటు మొదటిదాన్ని చూసి రాసిందేమో ముందు కనుక్కో.

గిరిగారి మీద నువ్వు ‘ఒడిశా రాష్ట్రంలో జన్మించారు’ అని ఎక్కడో రాశావు చూడు, అది కొట్టేశాను. 1894లో ఒడిశా రాష్ట్రమెక్కడిది? గంజాం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ‘నేటి ఒడిశాలోని’ అని ఒక్క మాట తగిలిస్తే చాలు. మన సరిహద్దు ఊళ్లవాళ్లం కూడా ఈ తప్పు చేస్తే ఇంకెవరు సరిచేస్తారు.

ఇక అసలు సంగతి. నీ కాగితంలో మీ పర్లాకిమిడి మూడుసార్లు వచ్చింది. 1900 ఏప్రిల్ 1న నేటి శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి చిన్న రైలు మొదలవడం, 1936లో ఒడిశా ఏర్పడడం, 1937లో మీ రాజావారు కృష్ణచంద్ర గజపతి ప్రధానమంత్రి కావడం. ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే పిలిచేవారు. చివరి రెండిటినీ కలిపి ఒకే రోజు జరిగినట్టు రాశావు, మధ్యలో సరిగ్గా ఏడాది ఉందమ్మా. 1936లో కటకం రావెన్‌షా కాలేజీలో ప్రమాణం చేసింది గవర్నరు హబ్బాక్. మంత్రివర్గం వచ్చింది మరుసటేడు, 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం రాష్ట్రాల పాలన మొదలైనప్పుడు.

ఆ 1936 దగ్గర ‘ఆనందోత్సాహాలతో ఒడిశా అవతరించింది’ అని రాసి ఊరుకున్నావు. ఎవరి ఆనందం? ఆరు జిల్లాలతో ఒడియావాళ్ల చిరకాలపు కల తీరింది, ఆ కల కోసం రాజావారు లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించారు, అది చిన్న సంగతేం కాదు. కానీ అదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారున్నారు. 1880లో, ఇంకా పదిహేడేళ్లు నిండకముందో నిండాకో, నెలకి ముప్పై రూపాయలకి రాజావారి బళ్లో పాఠం చెప్పడానికి చేరిన మనిషి. సవర గిరిజనుల మాట నేర్చుకుని వాళ్లకి వాచకాలు రాసిందీ, మనం మాట్లాడినట్టే రాయాలని పండితులతో పోట్లాడిందీ ఆ ఊళ్లో ఉండగానే. ఊరు ఒడిశాలో కలవకూడదని ఆయన గట్టిగా ప్రయత్నించారు, ఫలించలేదు. డెబ్బై రెండేళ్ల వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, 1940 జనవరి 22న పోయారు. ఉత్సవం జరిగే రోజు పొద్దున్నే బయల్దేరారని చెబుతారు. నువ్వూ ‘చెబుతారు’ అనే రాయి, టిక్కెట్టు మనం చూడలేదు కదా.

ఇప్పుడు చెప్పు, ఏప్రిల్ 1 పండగా, కాదా? నువ్వు ఆ ఊళ్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియా బడిలో చదివి, ఒడిశా అవతరణ రోజైన ఉత్కళ దివస్‌కి జెండా పట్టుకుని నడిచినదానివి. మీ పక్కనున్న పాతపట్నం అటు మద్రాసు వైపు ఉండిపోయింది, రాజావారి ఎస్టేటులో ఎక్కువ భాగం మద్రాసుకే మిగిలింది. రాజావారు నిలబెట్టిందీ, గిడుగువారు వదిలి వెళ్లిందీ ఒకే ఊరు. హైదరాబాదులో కూర్చుని రాసేవాడికి ఈ రెండూ ఒకేసారి కనిపించవు. నీకు కనిపిస్తాయి. ఒకరిని పొగడడానికి ఇంకొకరిని తిట్టక్కర్లేదు, పక్కపక్కన పెట్టు చాలు. ఎవరికైనా కోపం వస్తుందేమోనని టెన్షన్ పడకు, తేదీలు సరిగ్గా ఉంటే ఆ కోపానికి నేను జవాబు చెప్పుకుంటాను.

నలభై మూడులో ముప్పై ఎనిమిది కొట్టేశాను. ఏప్రిల్ ఫూల్ సంగతి కూడా పోయింది, ఏడవకు.

నీ కాగితంలో నాకు అన్నిటికన్నా నచ్చింది చివర్లో బ్రాకెట్లో దాచేసిన ముక్క, ‘మా తాతయ్య ఆ చిన్న బండిలో నౌపడ వెళ్లేవాడట’ అన్నది. దాన్ని బ్రాకెట్లోంచి బయటికి తీసి రైలు కిందే పెట్టు. 2004లో ఆ చిన్న బండి ఆగింది, ఇప్పుడు పెద్ద పట్టాలు. దానిలో ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఈ వారమే తాతయ్య దగ్గర కూర్చో. ఏ తేదీన వెళ్లావని అడగకు, బిక్కమొహం వేస్తాడు. ఎవరి పెళ్లికి వెళ్లావు, వాన పడిందా, మామిడికాయలు వచ్చాయా అని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసి పంపు, తేదీ ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఆగస్టు 29 కాగితాలు మొదలుపెట్టే ముందు ఒకసారి బరంపురం రా. ఆ రోజు గిడుగువారి పుట్టినరోజు ఒక్కటే రాస్తావని నాకు అనుమానంగా ఉంది.

మీ మేస్టారు