మెడ పట్టేస్తే డ్రై నీడిలింగ్ చేయించుకోవచ్చా? నా అనుభవం

ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ, కుడి భుజం పట్టేశాయని, ఫిజియో డ్రై నీడిలింగ్ (పట్టేసిన కండరంలోకి మందు లేని సన్నటి సూది గుచ్చే చికిత్స) పది సిట్టింగులకు డబ్బు ముందే కట్టమంటున్నారని రాశారు. నొప్పి పుడుతుందా, పనిచేస్తుందా, ఇది ఆక్యుపంక్చరేనా అని కదా మీ ప్రశ్న.

నేను కూకట్‌పల్లిలో మగ్గం వర్క్ చేస్తాను. శ్రావణంలో పెళ్లి బ్లౌజుల ఆర్డర్లు మీద పడితే పొద్దున కూర్చున్నదాన్ని రాత్రికి గానీ లేవను. మీకున్న చోటే నాకూ ఉండేది: మెడకీ భుజానికీ మధ్య, వేలికి తగిలే గట్టి ముడి. నొక్కితే నొప్పి అక్కడ ఆగేది కాదు, చెవి వెనక నుంచి కణత దాకా పాకేది. మా అత్తగారు బామ్ రాసి రుద్దేవారు, రుద్దినంతసేపూ హాయిగా ఉండేది, అంతే. సూదితో బతికేదానికి సూదంటే భయమేమిటని నవ్వుకుంటూ వెళ్లాను కానీ, బల్ల మీద బోర్లా పడుకున్నాక అరచేతులు చెమట పట్టాయి.

ఇంజెక్షన్ సూదిలా దీనికి రంధ్రం ఉండదు, మందూ ఉండదు. మందం దాదాపు పావు మిల్లీమీటరు. స్పిరిట్‌తో తుడిచి, కండరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెలా పట్టి పైకి లేపి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి సూదిని ఒక్క తట్టు తడతారు. చర్మంలో దిగినట్టే తెలియదు. తెలిసేది ఆ తర్వాత, ముడికి తగిలినప్పుడు. గాలానికి పడ్డ చేపలా కండరం దానంతట అదే తటాలున ఎగురుతుంది. నాకు "అమ్మా" అనే మాట నోట్లోంచి వచ్చేసింది. "అదేనక్కా, దొరికింది" అన్నాడు ఫిజియో తృప్తిగా. పోటులాంటి ఆ నొప్పి కొన్ని సెకన్లే. మర్నాడు మాత్రం అక్కడెవరో గుద్దినట్టు ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది.

సూది ఆక్యుపంక్చర్‌దే, లెక్క వేరు. అక్కడ చైనా వైద్యం చెప్పే శక్తి మార్గాలు, ఇక్కడ కండరాల్లో నొప్పి పుట్టించే ముడులు, అంటే ట్రిగ్గర్ పాయింట్లు. ఆ పాయింట్లు ఎక్కడుంటే నొప్పి ఎటు పాకుతుందో శ్రద్ధగా గుర్తించి రాసినవారిలో ముఖ్యురాలు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలిగా ఉన్న జానెట్ ట్రావెల్. అప్పట్లో వాటిలోకి మందు ఎక్కించేవారు. మందు లేకుండా ఒట్టి సూదితోనూ ఉపశమనం వస్తోందని 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ రాశారు.

ఇక పనిచేస్తుందా అంటే, నాకు చేసింది. స్కూటీ మీద యూటర్న్ దగ్గర వెనక్కి చూడాలంటే నడుము నుంచి ఒళ్లంతా తిప్పేదాన్ని. ఆ తర్వాత మెడ ఒక్కటే తిరగడం మొదలైంది. కానీ మళ్లీ సీజన్ రాగానే ముడి కూడా వచ్చింది. పరిశోధనలు చెప్పేదీ దాదాపు ఇంతే: కొన్ని వారాల ఉపశమనానికి ఆధారాలున్నాయి, దీర్ఘకాలానికి అంత గట్టివి లేవు. నన్ను నిలబెట్టింది మగ్గం ఎత్తు పెంచుకోవడం, రోజూ ఎలాస్టిక్ బ్యాండుతో భుజాల వ్యాయామం. సూది వల్ల నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్లోనే అవి చేయగలిగాను. అంతకుముందు చెయ్యి పైకి లేస్తేగా!

అందుకే పది సిట్టింగుల ప్యాకేజీ నాకు నచ్చదు. మొదట వెళ్లిన చోట ప్రతిసారీ అవే చోట్ల సూదులు గుచ్చి పంపేవారు, మెడ ఎంత తిరుగుతోందో ఒక్కసారీ చూడలేదు. తర్వాత దొరికిన అబ్బాయి కొన్నిసార్లు చేసి, "ఇక చాలక్కా, బ్యాండు వదలొద్దు" అని తనే ఆపేశాడు. సిట్టింగుకి సిట్టింగు కడతానని అడగండి. రెండు మూడుసార్లకి కాస్తయినా తేడా లేకపోతే పదోసారి అద్భుతం జరుగుతుందని నేననుకోను.

డబ్బు కన్నా ముఖ్యమైంది ఊపిరితిత్తి. దాని పై కొన భుజం కండరాల కిందే ఉంటుంది. సూది లోతుగా దిగితే గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. అరుదే, కానీ జరిగిన సందర్భాలున్నాయి. ఆ కండరాన్ని చిటికెలా పైకి లేపి పట్టడం అందుకే. చేసేవారు ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీయో ఎంపీటీయో చదివారా, ఈ సూదుల శిక్షణ విడిగా తీసుకున్నారా అని మొహమాటపడకుండా అడగండి. సూది ప్యాకెట్ సీలు మీ కళ్ల ముందే విప్పాలి. తర్వాత ఆయాసం, ఛాతీలో పోటు వస్తే క్లినిక్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గర్భవతులైనా ముందే చెప్పాలి. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, కరెంటు కొట్టినట్టు నొప్పి వేళ్లదాకా దిగడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించుకోండి, సూది సంగతి తర్వాత.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, కొందరికి కళ్లు తిరుగుతాయి. మొదటిసారి సొంత బండి కూడా వద్దు. మెట్రోలోనో ఆటోలోనో వెళ్లండి. సూది పడిన భుజంతో హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో హ్యాండిల్ పట్టుకోవడం ఆ సాయంత్రానికి కష్టమే.