చెరువులో చేపలు బాగున్నాయో లేదో గాలం వేసేవాడికి ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు శివార్లలోని ఒక చెరువులో కొన్నేళ్ళుగా ఆదివారాలు గాలం వేస్తున్నారు, చేపలు బాగానే పడుతున్నాయి కానీ అన్నీ చిన్నవే, చెరువు బాగుందా పాడైందా అని మనలాంటివాళ్ళం కనిపెట్టగలమా? కనిపెట్టగలం, పెద్ద ఖర్చు కూడా లేదు. కాకపోతే ముందు ఆ 'బాగానే పడుతున్నాయి' అన్న మాటను నమ్మడం మానేయండి.

ఎందుకంటే మన పక్కనే కావేరిలో ఇదే జరిగింది. కనకపుర దాటి వెళ్తే వచ్చే గాలిబోరె క్యాంపులో మహసీర్ చేపను గాలంతో పట్టి, తూచి, రాసుకుని, మళ్ళీ నదిలో వదిలేసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా అలా రాసిన లెక్కలను తర్వాత శాస్త్రవేత్తలు తిరగేశారు. 23 వేల గంటలకు పైగా గాలం, 6 వేలకు పైగా చేపలు. గంటకు పడే చేపలు ఏటేటా పెరిగాయి, సగటు బరువు తగ్గింది. ఆ రెండు అంకెలే చూస్తే ఎవరైనా చేపపిల్లలు బాగా పుడుతున్నాయి, నది కళకళలాడుతోంది అనుకుంటారు. జాతి వారీగా విడదీశాకే అసలు సంగతి బయటపడింది. పెరిగిందంతా నీలి రెక్కల మహసీర్, అది కావేరిది కాదు, బయట హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట, పెంచి తెచ్చి వదిలిన చేప. కావేరికే సొంతమైన మూపురం మహసీర్, నలభై యాభై కిలోల దాకా పెరిగేది, అదే ఆ క్యాంపు లెక్కల పుస్తకాల్లో దాదాపు కనబడకుండా పోయింది. అది టోర్ రెమాదేవీ అనే జాతి అని 2018లో తేలింది, ఇప్పుడు అంతరించిపోతున్న జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించడానికి ఒక్క మెట్టు దూరంలో ఉన్నవాటిలో చేర్చింది. ఆ క్యాంపు ఉన్నది అభయారణ్యంలో, 2012లో దాని లోపల గాలం ఆపేశారు, దాంతో ఆ లెక్కలు రాసేవాళ్ళూ లేకుండా పోయారు. ఆపడం తప్పో ఒప్పో ఇక్కడ తెగే విషయం కాదు గానీ, నదిలో ఏముందో చెప్పే పుస్తకం మాత్రం మూతపడింది.

కాబట్టి మీ నోటుబుక్కులో జాతి పేరు తప్పనిసరి. బొచ్చె, రాగండి, బంగారుతీగ, తిలాపియా, కొర్రమీను, ఏదైతే అది, విడివిడిగా. దాని పక్కన ఎన్ని గాలపు కర్రలు, ఎన్ని గంటలు, ఏ ఎర. ఇద్దరు చెరో కర్రతో మూడు గంటలు కూర్చుంటే ఆరు కర్ర-గంటలు, ఎన్ని పడ్డాయో దాన్ని ఆరుతో భాగించండి. ఇక ఒక్కటీ పడని రోజు! దాన్ని రాయడానికి ఎవరికీ మనసొప్పదు. మా వాళ్ళలో ఒకాయన పడిన రోజు ఫొటోలు గ్రూపులో పెడతాడు, పడని రోజు అసలు చెరువుకే రాలేదన్నట్టు ఉంటాడు. అలాంటి లెక్కలో చెరువు ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. సున్నా రాయని పుస్తకం చించేయడమే మేలు.

ఇప్పుడు మీ 'అన్నీ చిన్నవే' సంగతి. ఇక్కడ చేపను బట్టి అర్థం మారిపోతుంది. బొచ్చె, రాగండి మామూలుగా నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు పారే నీళ్ళు కావాలి. మన చెరువుల్లో ఉన్నవి కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళు వదిలినవే. చిన్న బొచ్చెలు పడుతున్నాయంటే ఈమధ్య పిల్లలు వదిలారని, పెద్దవి లేవంటే వలలు వేసి లాగేశారని, అంతే. చెరువు ఆరోగ్యం గురించి అది చెప్పేది తక్కువ. మేము వెళ్ళే చెరువు దగ్గర కాపలా తాత కుప్పం వైపు మనిషి, ఆయన్ను 'తాతా, పిల్లల్ని ఎప్పుడు వదిలినారు, వల ఎప్పుడు వేసినారు' అని అడిగి ఆ తేదీలు పుస్తకంలో రాస్తాను. నా అంకెల్లో సగం ఎగుడుదిగుళ్ళకు కారణం ఆ తేదీల్లోనే దొరికింది.

చెరువులోనే పుట్టే చేపలు వేరు కథ. తిలాపియా అన్నీ అరచేతిలో పట్టేంత ఉండి, అంత చిన్నదాని కడుపులోనే జన (గుడ్లు) ఉంటే, గుంపు ఎక్కువై మేత చాలడం లేదని అనుమానించాలి. కొర్రమీనులో ఏటా అన్ని సైజులూ కనిపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. పెద్దవి మాత్రమే మిగిలి రెండు మూడేళ్ళు చిన్నవి కనబడకపోతే గట్టున గడ్డి, తుంగ తీసేశారేమో చూడండి, అవి గూడు కట్టేది అక్కడే. చెరువు చుట్టూ రాళ్ళు పరిచి వాకింగ్ ట్రాక్ వేయడం మనకు ముచ్చటే, కొర్రమీనుకు కాదు.

చేప బక్కదో పుష్టిదో కంటితో తేల్చకండి. బరువు గ్రాముల్లో, పొడవు సెంటీమీటర్లలో తీసుకోండి. బరువును వందతో గుణించి, పొడవు × పొడవు × పొడవు చేయగా వచ్చినదానితో భాగించాలి. 40 సెంటీమీటర్ల చేప 960 గ్రాములుంటే 1.5 వస్తుంది. అంకె ఎంత పెద్దదైతే చేప అంత పుష్టి. ఆ అంకెను అదే జాతితో, అదే చెరువులో, అదే కాలంలో మాత్రమే పోల్చండి, రాగండిని బొచ్చెతో పోలిస్తే ఏమీ తేలదు. చేప కింద తడి గుడ్డ పరవండి, చేతులు తడుపుకోండి, పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి తర్వాత పుండు పడుతుంది.

నీళ్ళ విషయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపలకు పనికొచ్చే నీరు 'డి' తరగతి: లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, పీహెచ్ 6.5 నుంచి 8.5. మీ చెరువు రిపోర్టు దొరికితే చూడండి, కానీ శాంపిల్ ఏ వేళ తీశారో కూడా చూడండి. మురుగు కలిసి పచ్చగా మారిన చెరువులో మధ్యాహ్నం నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది, అంకె అదిరిపోతుంది. రాత్రంతా ఆ నాచే ఆక్సిజన్ వాడేసుకుంటుంది, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆక్సిజన్ కొలిచే మీటరు కొనలేకపోయినా ఆరుగంటల లోపు వెళ్ళి గట్టున నిలబడితే చాలు, మార్చి నుంచి మే దాకా, ముఖ్యంగా మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేలకొద్దీ చేపలు తేలిన తర్వాత నేను ఎండాకాలం అంతా పొద్దున్నే ఒకసారి చూసి వస్తున్నాను.

చివరగా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గానీ, ఒళ్ళంతా గట్టి పలకలతో ఉండే సక్కర్ చేప గానీ పడితే అవీ పుస్తకంలో ఎక్కాలి, నీళ్ళలోకి మాత్రం తిరిగి వదలకండి. ఆక్సిజన్ తగ్గి మిగతావి చచ్చే చోట కూడా ఇవి పైకొచ్చి గాలి మింగి బతుకుతాయి. మీ గంట లెక్కలో వీటి వాటా పెరుగుతూ, కొర్రమీను, రాగండి వాటా తగ్గుతూ పోతుంటే ఆ పేజీలు ఫొటో తీసి మత్స్యశాఖ వాళ్ళకు ఇవ్వండి. 'చేపలు తగ్గాయి సార్' అంటే వినరు, రెండేళ్ళ తేదీలు చూపిస్తే కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు, మా విషయంలో అలాగే జరిగింది.