పోయింది పాత్రా, సీనా?

సీరియల్లో ముఖ్యపాత్ర చనిపోయిన రాత్రి ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. ‘ఎంత బాగా చేసిందో’ అనేది ఒక జట్టు. ‘చేసిందిలే, గ్లిజరిన్ సీసా ఖాళీ చేసింది’ అనేది ఇంకోటి. ఈసారి శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నీ ఆ తగాదా చుట్టూనే ఉన్నాయి. నటన, రచన, ఎడిటింగ్ పని తెలిసినవారు, ఆసుపత్రి సంగతుల వరకు డాక్టర్లు కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: భర్త శవం దగ్గర హీరోయిన్ ఏడుస్తుంటే మా అత్తయ్య కళ్లు ఒత్తుకున్నారు. నాకేమో నవ్వొచ్చింది. ఎవరి ఇష్టం వాళ్లది అనేయకుండా, బాగా చేసిందో లేదో తేల్చే కొలత ఏదైనా ఉందా? – పాఠకురాలు, తణుకు

జవాబు: ఉంది. ముందుగా ఆ ఏడుపులో ఎవరి వాటా ఎంతో విడదీయాలి. మన సీరియల్ హీరోయిన్లలో కన్నడ, మలయాళ అమ్మాయిలు చాలామంది. సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి డైలాగు అందిస్తుంటే (ప్రాంప్టింగ్ అంటే అదే) వాళ్లు మాట అంటారు. గొంతు తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు ఇస్తుంది. మొహం ఒకరిది, ఏడుపు ఇంకొకరిది, వెనక వయొలిన్ మూడోవారిది. అందుకే ఆ సీనును ఓటీటీలో మూడుసార్లు చూడండి.

మొదటిసారి సౌండు తీసేయండి. శవాన్ని చూడకముందు, చూసిన క్షణం, చూశాక... ఈ మూడింటికీ మొహంలో తేడా ఉందా? గుమ్మంలోకి వస్తూనే ఏడుపు మొహం పెట్టిందంటే స్క్రిప్టు చదివినట్టు కనబడిపోయింది. కబురు నమ్మలేని మనిషి మొదట ఏదో పనికిరాని పని చేస్తుంది. చెప్పులు విప్పుతుంది, కొంగు సర్దుకుంటుంది, ‘లేవండి, భోజనం చల్లారిపోతుంది’ అంటుంది. ఆ తర్వాతే విరుగుతుంది. తర్వాత కళ్లను చూడండి. ప్రతి మాటకు ముందు చూపు ఒకే మూలకు జారి వస్తుంటే ప్రాంప్టర్ అక్కడున్నాడని అర్థం. చివరగా ఊపిరి. అసలు ఏడుపు పొట్టలో మొదలై ఛాతీని కుదుపుతుంది. భుజాలొక్కటే ఎగురుతుంటే అది పైపై ఏడుపు.

రెండోసారి కళ్లు మూసుకుని వినండి. ఏడ్చేవాళ్ల ముక్కు మూసుకుపోతుంది. అప్పుడు ‘మ’ కాస్త ‘బ’లా, ‘న’ కాస్త ‘ద’లా వినబడాలి. పది నిమిషాలుగా ఏడుస్తున్న మనిషి నోట ‘నన్నెందుకు మోసం చేశావు’ అని వార్తలు చదివినంత శుభ్రంగా వస్తే లోపం డబ్బింగ్‌ది, తెరమీది అమ్మాయిది కాదు. మంచి డబ్బింగ్ ఆర్టిస్టు వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగుతుంది. ఆ ఆగడం పెదాలతో కలిసిందంటే ఇద్దరికీ మార్కులు వేయండి.

మూడోసారి హీరోయిన్‌ను వదిలేసి పక్కవాళ్లను చూడండి. అత్త, ఆడపడుచు, పనిమనిషి క్లోజప్పులు విడివిడిగా తీస్తారు. శవం వేషం వేసిన నటుడికి ఆ రోజు డేటు లేకపోతే దిండుకు దుప్పటి కప్పి పని కానిస్తారు. దిండును చూసి తల్లి వేషం వేసినావిడ మిమ్మల్ని కదిలించిందంటే ఆ సీనులో అసలు నటి ఆవిడే.

ఇక గ్లిజరిన్. అది వాడటం తప్పేమీ కాదు. ఒకే ఏడుపును అరడజను కోణాల్లో తీస్తారు, ప్రతి టేకుకూ సొంత కన్నీరు రాదు. కంట్లో పడితే మండి నీళ్లొస్తాయి, కంటి కింద మెంథాల్ పుల్ల రాసినా అంతే. చెంప మీద నేరుగా పెట్టిన చుక్కను మాత్రం ఇట్టే పట్టేయొచ్చు. చిక్కగా, గుండ్రంగా, లైటుకు మెరుస్తూ బద్ధకంగా జారుతుంది. కళ్లు తెల్లగా, ముక్కు పొడిగా ఉండి చెంపలొక్కటే తడిస్తే అది మేకప్ ఏడుపు.

అదే హావభావం మూడు కోణాల్లో, మూడుసార్లు, ఉరుము శబ్దంతో వచ్చిందనుకోండి. అరగంట స్లాటుకు సుమారు 22 నిమిషాలు నింపాల్సిన ఎడిటర్ అవస్థ అది. దానికి నటిని తిట్టడం అన్యాయం.

ప్రశ్న: ఉన్నట్టుండి మంచి పాత్రను చంపేశారు. ముందే అనుకున్న కథా, లేక నటుడు మానేస్తే అతికించారా? ఎలా పోల్చుకోవడం? – పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వెనక్కి నాలుగు వారాలు, ముందుకు రెండు వారాలు చూడండి.

వెనక్కి చూసేటప్పుడు: చావుకు కారణమైన వస్తువు గానీ జబ్బు గానీ మనిషి గానీ కథలో ముందే ఉన్నాయా? ముందు అనుకున్న చావుకు విత్తనాలుంటాయి. ఆ పాత్ర ఎవరికో ఒక మాట బాకీ పడుతుంది, ఒక నిజం దాస్తుంది. అతికించిన చావుకు ఏమీ ఉండవు. సోమవారం ఊరెళ్తాడు, బుధవారం ఫోనొస్తుంది. ఆఖరి ఎపిసోడ్లలో ఆ నటుడు పాత క్లిప్పుల్లోనూ వెనక నుంచి తీసిన షాట్లలోనూ కనిపించి, శవం మొహానికి కట్లు కట్టి ఉంటే డూప్‌తో లాగించారని అనుకోవచ్చు.

ముందుకు చూసేటప్పుడు: అంత్యక్రియల తర్వాత పన్నెండు ఎపిసోడ్లలో ఆ మనిషి లేని లోటు ఎక్కడైనా పనికి అడ్డం పడిందా? జీతం ఆగిందా? బ్యాంకు పని నిలిచిందా? మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఆ సర్టిఫికెట్ లేనిదే బీమా కదలదు. ఇలాంటివి ఒక్క సీనులోకైనా వస్తే రచయిత ఇంటి గురించి ఆలోచించాడని లెక్క. మూడో రోజే అత్తాకోడళ్ల పాత గొడవ మొదలైతే చావును ఆ వారం రేటింగు కోసం వాడుకున్నట్టే.

శవం కనబడని చావును నేను చావుగా లెక్కపెట్టను. పాత్ర తిరిగొచ్చేందుకు తలుపు తెరిచి ఉంచడం అది. కబురు తెలియని మనిషిని చట్టం కూడా ఏడేళ్ల తర్వాతే చనిపోయినట్టు భావిస్తుంది, మన సీరియల్ కుటుంబాలు వారం తిరక్కుండానే ఫొటోకు దండ వేస్తాయి. 2017లో స్టార్ మాలో మొదలైన ‘కార్తీకదీపం’లో 2022 మార్చిలో డాక్టర్ బాబు, వంటలక్క కారు ప్రమాదంలో పోయారన్నారు. కథ పెద్దయిన కూతుళ్ల మీదికి వెళ్లింది. కొద్ది నెలలకే ఇద్దరూ వెనక్కొచ్చారు. ఆ పాత్రలు వేసిన నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథ్‌లను మళ్లీ చూడాలని కోరుకున్నవాళ్లకు అది పండగే, కాదనను. రచనగా చూస్తే మాత్రం పిల్లల దుఃఖంతో నడిచిన ఎపిసోడ్లన్నీ వెనకనుంచి చెల్లకుండా పోయాయి.

హిందీ ‘క్యోంకి సాస్ భీ కభీ బహు థీ’లో 2001లో హీరో పాత్ర మిహిర్ చనిపోతే ప్రేక్షకులు గోల చేశారు, గతం మరిచిపోయాడని చెప్పి తీసుకొచ్చారు. అందరికన్నా ఘనులు అమెరికా ‘డాలస్’ వాళ్లు. 1985లో బాబీ పాత్రను చంపి, 1986లో స్నానాల గదిలో నిలబెట్టారు. మధ్యలో నడిచిన సీజనంతా మాజీ భార్య కన్న కల అన్నారు! ఆ చావు సీను ఆసుపత్రి మంచం దగ్గర నిజానికి చక్కగా రాసిందే. కల అనేసరికి దాని బరువూ పోయింది.

ప్రశ్న: నేను నర్సును. సీరియల్లో మానిటర్ మీద గీత సమంగా రాగానే షాక్ ఇస్తారు. మా ఇంట్లో వాళ్లు ‘కథ కదా, వదిలెయ్’ అంటారు. వదిలేయాలా? – హనుమకొండ

జవాబు: వదలక్కర్లేదు, అన్నింటినీ ఒకే గాట కట్టకుండా ఉంటే చాలు.

ఛాతీ నొక్కేటప్పుడు మోచేతులు వంచడం క్షమించేయండి. నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతున బతికున్న నటుడిని నిజంగా నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు. సమంగా వచ్చిన గీతకు షాక్ ఇవ్వడం మాత్రం ఉత్త అలవాటు. షాక్ పనిచేసేది గుండె లయ తప్పి కొట్టుకుంటున్నప్పుడు. గీత సమమైతే ఛాతీ నొక్కుతూ, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అలా తీస్తే సీను ఇంకా బిగువుగా ఉంటుంది: ఒకరు నొక్కుతుంటారు, ఒకరు గడియారం చూస్తుంటారు, బయట కుటుంబానికి ఏమీ తెలియదు.

గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉన్న మనిషి ఆఖరి మాటలు చెప్పడం కుదరదు, ఆ గొట్టం స్వరపేటిక మధ్యలోంచి వెళ్తుంది. మాస్కు పెడితే ఏ ఇబ్బందీ లేదు. ఆర్టు డిపార్టుమెంటు ఒక వస్తువు మారిస్తే సరిపోయేదానికి ఇంత నవ్వులపాలవుతారు.

రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్లకు పోలీసు పంచనామా, పోస్టుమార్టం అయ్యాకే శవాన్ని ఇస్తారు. నేరుగా ఇంటి అరుగు మీదికి తెచ్చేస్తే రచయిత మంచి సీనొకటి చేజార్చుకున్నాడు. మార్చురీ బయట బెంచీ మీద ఎదురుచూపుకు డైలాగులే అక్కర్లేదు. ఇంకోటి: చనిపోయిన రెండు నుంచి నాలుగు గంటల్లో కనురెప్పలు, దవడ బిగుసుకోవడం మొదలవుతుంది. మర్నాడు ఉదయం కూడా చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోతుంటే కంటిన్యుటీ చూసేవాళ్లు నిద్రపోయారు.

‘బ్రెయిన్ డెడ్’ అని ఒక డాక్టరు తలుపు తీసుకొచ్చి చెప్పడం మరీ దారుణం. అవయవదానానికి 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించి, కనీసం ఆరు గంటల తేడాతో రెండోసారి కూడా పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ ఆరు గంటలూ ఛాతీ కదులుతూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. తల్లి ‘ఊపిరుంది కదా’ అంటుంది. ఇంతకన్నా ఏ రచయితకు ఏం కావాలి?

ప్రశ్న: ఇక్కడి పాత డైలీ సోప్ అభిమానులు చావు ట్రాకుల్లో ‘జనరల్ హాస్పిటల్’ అనే అమెరికా సీరియల్‌ను తెగ పొగుడుతారు. అందులో అంత గొప్పేముంది? – పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వాళ్లు చెప్పేది 1994లో వచ్చిన బీజే మరణం గురించి అయ్యుంటుంది. (మీ ఊరి పేరే ఉన్న పాత్ర ఆ కథలో ఉంది, గుండె జబ్బు పిల్ల తండ్రి.) మ్యాక్సీ అనే పిల్లకు గుండె మార్చాలి. ఆమె పెదనాన్న కూతురు బీజే స్కూలు బస్సు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అవుతుంది. బీజే తండ్రి టోనీ డాక్టరు, పెంచిన తల్లి నర్సు. అవకాశం ఏమిటో, నష్టం ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. రచనలో అసలు తెలివి అక్కడుంది. వివరించే డైలాగులు తీసేస్తే దుఃఖానికి చోటు దొరికింది.

తర్వాత టోనీ మ్యాక్సీ మంచం దగ్గరికెళ్లి, ఆ పిల్ల ఛాతీ మీద తలపెట్టి తన కూతురి గుండె చప్పుడు వింటాడు. ఆ ఒక్క పనిలో తండ్రి, డాక్టరు ఇద్దరూ ఉన్నారు. రెండు పాత్రల కథలూ ముందే వేరువేరుగా నడిచి అక్కడ కలిశాయి కాబట్టి నటుడు పెద్దగా చేయాల్సిన పని లేకపోయింది. మన సీరియళ్లలో ఇలాంటి చోట పాట పెడతారు. పాట పెట్టారంటే చాలాసార్లు కింద సీను లేదనే.

ప్రశ్న: బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం వారం రోజులు చూపించారు. బాగా తీశారని కొందరంటున్నారు. – రాజమహేంద్రవరం

జవాబు: కెమెరా ఎవరి పక్కన నిలబడిందో చూడండి. గాజు పగిలే షాట్ స్లో మోషన్‌లో అందంగా ఉండి, ఆమె మొహం మీద రెండు సెకన్లు కూడా ఆగకపోతే అది తంతును అమ్ముకోవడమే. అదే తంతు ఆమె కూతురి చూపులోంచి ఒక్క ఎపిసోడ్లో ముగిస్తే విమర్శ అవుతుంది. వారం లాగడంలో నాకైతే కళ ఏమీ కనబడలేదు. రోజులూ లెక్కపెట్టండి: పదకొండో రోజు అంటూనే మూడో రోజు బంధువులే, అవే చీరలతో కూర్చుని ఉంటే ఒకే కాల్షీట్‌లో చుట్టేశారు.

ప్రశ్న: నటన బాగోలేదని ఎక్కడ చెప్పాలి? ఆన్‌లైన్‌లో తిడితే వింటారా? – గుంటూరు

జవాబు: తిట్లు లెక్కలోకి రావు. టీవీ ఎవరెంత చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగు దేశంలో మీటర్లు పెట్టిన యాభై వేల పైచిలుకు ఇళ్ల నుంచే వస్తుంది. వారం లెక్క శనివారం నుంచి శుక్రవారం వరకు, అంకెలు తర్వాతి గురువారం బయటికొస్తాయి. నటన బాగోలేదన్నది ఫిర్యాదు కిందికి రాదు. హింస, స్త్రీలను కించపరచడం లాంటి అభ్యంతరమైతే ఛానల్‌కు రాతపూర్వకంగా పంపొచ్చు, 2021 నిబంధనల ప్రకారం పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. నటన గురించే రాస్తానంటే ఎపిసోడ్ నంబరు, నిమిషం, పాత్ర పేరు వేసి, లోపం మాటలదా, నటనదా, డబ్బింగ్‌దా, ఎడిటింగ్‌దా ఒక్క ముక్కలో చెప్పండి. టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు చాలాసార్లు వేరువేరు పేర్ల మీద పడతాయి. ఎవరికి రాయాలో అక్కడే తెలుస్తుంది.