తెలుగులో రాసుకునేవాళ్ళకి ఏ నోట్స్ యాప్ నిలుస్తుంది? ముందు వెతికి చూడండి

"నోషన్, ఎవర్‌నోట్, ఆబ్సిడియన్ అన్నీ పెట్టి చూశాను, ఏదీ నెల దాటి నిలవడం లేదు. ఎక్కువగా తెలుగులోనే రాసుకుంటాను. ఏది ఎంచుకోవాలి?" అని అడిగారు. తెలుగులో రాసుకుంటాను అన్న ముక్క మీరు మాటవరసకి అనేసి వదిలేశారు గానీ, నా లెక్కలో అసలు సంగతి అదే.

నేను ఒక తెలుగు పత్రిక డెస్కులో పని చేస్తాను. పొద్దస్తమానం తెలుగు టైపు చేయడమే. ఇంటి సంగతులూ ఆఫీసు సంగతులూ కొన్నేళ్ళుగా ఫోన్లోనే రాసుకుంటున్నాను. ఈ యాప్‌ల మీద వచ్చే వీడియోలు చూస్తే అందరూ రాయడం గురించే చెప్తారు: ఎన్ని టెంప్లేట్లు ఉన్నాయి, పేజీలో పేజీ ఎలా పెట్టాలి, రంగులు ఎలా మార్చాలి. రాయడానికి ఏ యాపైనా ఒకటే అండీ, ఫోన్‌తో పాటు వచ్చిన నోట్స్ కూడా చాలు. మనం వదిలేసేది రాసింది అవసరానికి దొరక్కపోయినప్పుడు. ఒకటి రెండుసార్లు వెతికి దొరక్కపోతే, మళ్ళీసారి నేరుగా వాట్సాప్‌కి వెళ్ళి మనకి మనం పంపుకున్న మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ కూర్చుంటాం. ఇంకొన్నాళ్ళకి రాయడం కూడా అక్కడే మొదలవుతుంది. యాప్ ఫోన్లో అలా పడి ఉంటుంది.

తెలుగులో ఈ వెతకడం ఇంకాస్త చిక్కు. "ఇంటి పన్ను" అని రాసుకుని, ఆర్నెల్ల తర్వాత "ఇల్లు" అని కొడితే రాదు. ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్ళు మనకి ఒకటే, యాప్‌కి మాత్రం నాలుగూ నాలుగు వేరే మాటలు. ఊరు, ఊళ్ళో కూడా అంతే. దానికి తోడు మన స్పెల్లింగులు. పెళ్ళి ఖర్చులు అని ళకి ళ వత్తు ఇచ్చి రాస్తాం. వెతికేటప్పుడు కీబోర్డు పైన పెళ్లి అని చూపిస్తే అదే నొక్కేస్తాం. ఏమీ రాదు. రాయలేదేమో అనుకుని మళ్ళీ రాస్తాం. బ్యాంక్, బ్యాంకు. వాళ్ళు, వాళ్లు. రెండూ సరైనవే, అదే గొడవ.

వీటన్నిటికంటే చికాకు పెట్టేది కంటికి కనిపించనిది. "హైదరాబాద్‌లో" అని రాసేటప్పుడు దకి ల వత్తు పడకుండా ఉండటానికి మధ్యలో ఒక అక్షరం పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వెడల్పు సున్నా, చూడ్డానికి ఏమీ ఉండదు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. ఒక్కోసారి లో తీసేసినా అది మాట చివర అతుక్కుని ఉండిపోతుంది. అప్పుడు హైదరాబాద్ అన్న మాట రెండు రకాలుగా ఉంటుంది. మనిషికి తేడా తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. డెస్కులో మాకు ఇది రోజూ ఉండే బాధే: ఎక్కడినుంచో కాపీ చేసిన పేరు ఒకలా, మేం కొట్టింది ఇంకోలా, వెతికితే సగం దొరుకుతాయి, సగం దొరకవు.

కాబట్టి కొత్త యాప్ ఎక్కించుకోగానే రంగులూ అవీ చూడకుండా ఒక నోట్ తెరిచి "ఇంట్లో పెళ్ళి హైదరాబాద్‌లో" అని కొట్టండి. బయటికి వచ్చి, వెతికే చోట "పెళ" అని మాత్రమే కొట్టండి. తర్వాత "దరాబా" అని కొట్టండి. రెండూ దొరికితే బంగారం. మొదటిది దొరికి రెండోది దొరక్కపోతే ఆ యాప్ మాట మొదలు నుంచి మాత్రమే పోల్చుకుంటుందని అర్థం, దానితో బతకొచ్చు. మొదటిది కూడా రాకపోతే మొహమాటం లేకుండా తీసేయండి, పూర్తి మాట కొడితే తప్ప పలకని యాప్ తెలుగుకి పనికిరాదు. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ రెండుచోట్లా ఇలా చూసుకోండి. ఒకే యాప్ అయినా రెండుచోట్ల ఒకేలా వెతకాలని లేదు.

యాప్ ఏదైనా వెతికేటప్పుడు మొండిముక్కలు కొట్టడం అలవాటు చేసుకోండి. "హైదరాబా" అంటే హైదరాబాద్, హైదరాబాదు, ఆ కనిపించని అక్షరం ఉన్నది, అన్నీ వస్తాయి. "పెళ" అంటే రెండు పెళ్ళిళ్ళూ వస్తాయి. ఇల్లు లాంటి మాటలకి మాత్రం ఇది పనిచేయదు. అందుకే నేను ప్రతి నోట్ మొదటి వరుసలో విడి మాటలు పెడతాను, విభక్తులు లేకుండా, తోచినన్ని. ఉదాహరణకి ఇది నా ఫోన్లో ఉన్న నోట్:

"బోరు మోటారు నీళ్ళు మెకానిక్ రిపేరు
స్టార్టర్లో కెపాసిటర్ మార్చాడు. 900 అడిగి 700 తీసుకున్నాడు. మళ్ళీ ఆగితే ముందు ఆ కెపాసిటరే చూడమన్నాడు. నంబరు ఫోన్లో బోరు మెకానిక్ అని ఉంది."

మొదటి వరుసలో వ్యాకరణం లేదు, అందం లేదు. కానీ నీళ్ళు రానప్పుడు మా ఆయన "మోటారు" అని వెతుకుతారు, నేను "బోరు" అని వెతుకుతాను, ఇద్దరికీ దొరుకుతుంది. ఫోల్డర్లు, ట్యాగులు అంటూ నేను పెద్దగా పెట్టుకోలేదు. ఇది ఇల్లా, ఖర్చులా, రిపేర్లా అని ఆలోచించేలోపు రాసే ఓపిక పోతుంది.

ఇక నిలబడటం గురించి. "ముఖ్యమైనవన్నీ రాసుకోండి" అని అందరూ చెప్తారు. ఏది ముఖ్యమో రాసే రోజున మనకేం తెలుస్తుంది? నేను చేసేది వేరు. ఏదైనా కావాల్సి వస్తే ముందు యాప్‌లో వెతుకుతాను. దొరక్కపోతే బీరువాలోనో, మెయిల్లోనో, అత్తయ్యగారిని అడిగో, ఎలాగో కనుక్కుంటాను కదా, కనుక్కున్న ఆ నిమిషంలోనే దాన్ని యాప్‌లో పడేస్తాను. అంతే. ఒకసారి వెతుక్కున్నది మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తుంది, అది దాదాపు ఖాయం. కరెంటు బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబరు, జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను తాలూకు పీటీఐఎన్ అనే గుర్తింపు నంబరు, గ్యాస్ కన్జ్యూమర్ నంబరు, అత్తయ్యగారి థైరాయిడ్ మాత్ర ఎన్ని మైక్రోగ్రాములది, వాటర్ ఫిల్టర్ క్యాండిల్ ఎప్పుడు మార్చాం, ఇవన్నీ అలా చేరినవే. ఇలా చేస్తే మొదటి వారాల్లో యాప్ బోసిగా ఉంటుంది, కంగారు పడకండి. ఉన్న పదీ పనికొచ్చేవే కాబట్టి వెతికినప్పుడల్లా దొరుకుతుంటాయి, దొరుకుతుంటే మనకే అక్కడికి వెళ్ళబుద్ధవుతుంది. పాత యాప్‌లో ఉన్నవన్నీ ఒక ఆదివారం కూర్చుని కొత్తదాంట్లోకి మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు. పాతవి ఫైలుగా దించుకుని ఒక పక్కన పెట్టండి, అవసరపడిన నోట్ ఒక్కటే అప్పుడు తెచ్చుకోండి.

పాస్‌వర్డులు, పిన్నులు నోట్స్‌లో పెట్టొద్దు. వాటికి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డులు దాచే యాప్‌లు వేరే ఉన్నాయి. ఆధార్, లైసెన్సు కాపీలకి డిజిలాకర్ ఉంది.

యాప్ ఎంచుకునేటప్పుడు ఇంకొకటి చూడండి: రాసింది బయటికి ఏ రూపంలో వస్తుంది అన్నది. మా వృత్తిలో వాళ్ళకి దీని బాధ బాగా తెలుసు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులా కనిపించేలా చేసిన యూనికోడ్ రాకముందు డీటీపీలో, అంటే అచ్చు పేజీలు కట్టే పనిలో, ఎక్కువగా అను ఫాంట్లే. ఆ రోజుల నాటి పేజ్‌మేకర్ ఫైలు ఇప్పుడు తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. మాటలన్నీ ఉన్నాయి, చదివే దారే లేదు. నోట్స్ యాప్‌లూ మారుతుంటాయి. గూగుల్‌కి నోట్‌బుక్ అని ఒకటి ఉండేది, 2012లో మూసేశారు, మరుసటి ఏడు వాళ్ళదే కీప్ అనే నోట్స్ యాప్ వచ్చింది. ఎవర్‌నోట్‌ని బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ కంపెనీ కొంటున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు, ఏడాది దాటగానే ఉచిత ఖాతాకి 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి ప్రకటించారు. వ్యాపారం వాళ్ళది, తప్పుపట్టడానికి లేదు. కానీ మన నోట్లు తీసుకుని బయటపడే దారి ముందే తెలిసుండాలి. ఎవర్‌నోట్ ఈనెక్స్ అనే ఫైలుగా ఇస్తుంది, దాన్ని జాప్లిన్ అనే ఇంకో నోట్స్ యాప్ తీసుకుంటుంది. నోషన్ నుంచి మార్క్‌డౌన్ (మామూలు టెక్స్టే, కొన్ని గుర్తులతో), హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) రూపాల్లో దించుకోవచ్చు. ఆబ్సిడియన్‌లో ఆ పనే లేదు, మొదటినుంచీ అవి మీ ఫోల్డర్లో ఉండే మామూలు టెక్స్ట్ ఫైళ్ళే, నోట్‌ప్యాడ్‌తో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. పీడీఎఫ్‌గా దించుకోవడాన్ని మాత్రం నమ్మకండి. చదువుకోవడానికి బాగానే ఉంటుంది, అందులోంచి తెలుగు కాపీ చేస్తే చాలాసార్లు వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట పడతాయి.

నేను వాడేవి రెండు. ఇంటికి కీప్. ఎందుకంటే మా ఆయన ఫోన్లోనూ అదే ఉంది, సరుకుల జాబితా ఇద్దరం కలిపి రాసుకోవచ్చు, ఒకరు కొట్లో టిక్కు పెడితే రెండోవాళ్ళకి తెలుస్తుంది. పొడుగ్గా రాసుకోవడానికి అది బాగుండదు. ఆఫీసు పనికి, వ్యాసాల ముడిసరుకుకి కంప్యూటర్లో ఆబ్సిడియన్. "దరాబా" కొడితే పలికేది అదే. కంప్యూటర్లో ఒక్కచోటే వాడితే పైసా ఖర్చు లేదు, ఫోన్‌కీ కంప్యూటర్‌కీ వాళ్ళ సింక్‌తో కలపాలంటే డబ్బు కట్టాలి. నోషన్ చెడ్డదేం కాదు, నలుగురు కలిసి చేసే పనికి బాగుంటుంది. మెకానిక్ చెప్పిన ముక్క రాసుకోవడానికి అంత పెద్ద సరంజామా ఎందుకన్నదే నా అభ్యంతరం. అదీ కాక అది ఇంటర్నెట్ ఉంటేనే అన్నట్టు నడిచేది, పేజీలు దించుకుని ఆఫ్‌లైన్లో వాడుకునే వీలు 2025లో వచ్చింది. చేత్తో స్టైలస్ పట్టి రాసుకునేవాళ్ళయితే వన్‌నోట్ చూడొచ్చు. కానీ చేతిరాత తెలుగు తర్వాత వెతికితే దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మీరు చెప్పినదాన్ని బట్టి మీకైతే కీప్ ఒక్కటే చాలు. ముందు "పెళ" పరీక్ష పెట్టుకోండి. నెగ్గితే గూగుల్ టేకౌట్‌కి, అంటే గూగుల్‌లో మనం దాచుకున్నవి దించుకునే చోటికి, వెళ్ళి కీప్ ఒక్కటే టిక్కు పెట్టి, రెండు నెలలకోసారి ఎగుమతి అన్నది ఎంచుకోండి. నోట్లన్నీ హెచ్‌టీఎంఎల్, జేసన్ ఫైళ్ళుగా వస్తాయి, లింకు మెయిల్‌కి పంపుతారు. ఏడాదితో అది ఆగిపోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. ఆ తేదీ కూడా కీప్‌లోనే రాసి పెట్టుకోండి, మొదటి వరుసలో "టేకౌట్ బ్యాకప్ గడువు" అని.