మాస్టారికి రాసే ఇంగ్లీషు ఉత్తరం గురించి

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రిటైర్ అవుతున్న మీ మాస్టారికి ఇంగ్లీషులో నాలుగు మాటలు రాద్దామంటే, 'అభిమానం' దగ్గర డిక్షనరీలో ఫాండ్‌నెస్, అఫెక్షన్, అటాచ్‌మెంట్, లవ్ అన్నీ కనిపించి టెన్షన్ పడుతున్నానన్నావు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నువ్వు ఎంచుకున్న ఫాండ్ సంగతే ముందు చూద్దాం. ఆ మాటకు పాత అర్థం తెలివితక్కువతనం. 1608లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకంలో, ఎనభై దాటిన లియర్ రాజు తాను 'ఫూలిష్, ఫాండ్' ముసలివాణ్ణని కూతురి ముందు ఒప్పుకుంటాడు. అక్కడ ఫాండ్ అంటే తెలివితక్కువవాడనే. వెర్రిగా ప్రేమించేవాళ్లకు ఆ మాట వాడగా వాడగా, వెర్రి పోయి ప్రేమ మిగిలింది. మనకిది కొత్తేం కాదమ్మా. మీ నాయనమ్మ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని 'నా పిచ్చితల్లీ' అనేది గుర్తుందా? ఆ పిచ్చిలో ఎంత ముద్దుందో నీకే తెలుసు. ఇప్పటికీ ఫాండ్ హోప్ అంటే తీరే దారి లేని అమాయకపు ఆశే.

అందుకే ఫాండ్‌లో చనువు ఎక్కువ. మామిడిపళ్లన్నా, చదరంగమన్నా, మేనకోడలన్నా ఇష్టమని చెప్పడానికి అది చక్కగా సరిపోతుంది. మాస్టారు నీ గురించి అంటే ఎంతో బాగుంటుంది. నువ్వు ఆయనకే రాస్తే మాత్రం గౌరవం కాస్త తగ్గినట్టుంటుందని నాకనిపిస్తుంది. అఫెక్షన్ రాసి, పక్కన రెస్పెక్ట్ చేర్చు. లవ్ ఇంట్లోవాళ్లకు ఉంచుకో.

ఇంకో జాగ్రత్త. మనం 'మీ మీద అభిమానం' అంటాం కాబట్టి చెయ్యి 'ఆన్ యూ' అని రాసేస్తుంది. నా క్లాసులో ఏటా దిద్దిన తప్పు ఇది. ఫాండ్ తర్వాత ఆఫ్, అఫెక్షన్ తర్వాత ఫర్, అటాచ్డ్ తర్వాత టు వస్తాయి. ఫాండ్ నుంచే పుట్టిన ఫాండిల్ జోలికి అసలు వెళ్లకు. ఒకప్పుడు ముద్దు చేయడమనే అర్థమున్నా, ఈ రోజుల్లో అది తాకకూడని చోట తాకడమనే అర్థంలో ఎక్కువగా వినిపిస్తోంది.

డియర్ సర్ అనడానికి మొహమాటపడకు. ఉత్తరాల్లో అది మర్యాదే. ఆ డియర్‌కు ఖరీదైనదనే అర్థం కూడా ఉంది. మన అంగడిలో 'పప్పులు ప్రియమయ్యాయి' అంటారే, అలాగే. ప్రేమకూ ధరకూ రెండు భాషలూ ఒకే మాట వాడటం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఈ మాటలు రెండు మూడు చాలు. మిగిలిన కాగితమంతా, నీకు జ్వరమొచ్చి పరీక్ష తప్పినప్పుడు మాస్టారు ఆదివారం ఇంటికొచ్చి పాఠం చెప్పిన సంగతి రాయి. రాశాక నాకు పంపు, ఒకసారి చూసి ఆ సాయంత్రమే తిప్పి పంపుతాను.

మీ పెదనాన్న