ఫిలిప్పీన్స్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు: అమెరికాలో ఎవరు బాగా నిలదొక్కుకున్నారు?

మీరు అడిగింది ఇది: "ఆగ్నేయాసియా నుంచి అమెరికా వచ్చిన వాళ్ళలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. ఇద్దరిలో ఆర్థికంగా ఎవరు మెరుగు? తేడా ఉంటే అది కష్టపడే తత్వంలో ఉందా, చదువులో ఉందా?"

నేను పదిహేనేళ్ళుగా కాలిఫోర్నియాలో, శాన్‌హోసే పక్కనే ఉన్న మిల్పిటస్‌లో ఉంటున్నాను. అందులో పదకొండేళ్ళు ఒక చిన్న టాక్స్ ఆఫీసులో రిటర్నులు రాసే పని చేశాను. జనవరి చివర నుంచి ఏప్రిల్ 15 దాకా నా బల్ల ముందు కూర్చున్న వాళ్ళలో ఎక్కువమంది ఈ రెండు దేశాల వాళ్ళే. జీతం ఎంత, అప్పు ఎంత, ఇల్లు ఉందా, ఊళ్ళో అమ్మకు ఎంత పంపుతున్నారు, ఇవన్నీ ఆ గంటలో బయటికి వస్తాయి. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా రాస్తున్నాను.

సంవత్సరాదాయం చూస్తే ఫిలిప్పీన్స్ వాళ్ళు ముందున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత చేతిలో ఏం మిగిలింది అని అడిగితే నా జవాబు మారుతుంది. ఇక తేడాకు కారణం తత్వం కాదు. ఎవరు ఏ దారిలో ఈ దేశంలోకి వచ్చారన్నదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు లెక్కలు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2019 సెన్సస్ సమాచారంతో వేసిన లెక్కలో ఫిలిప్పీన్స్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి సుమారు 90 వేల డాలర్లు, వియత్నాం కుటుంబాలది సుమారు 70 వేలు. పేదరికం ఫిలిప్పీన్స్ వాళ్ళలో 7 శాతం, వియత్నాం వాళ్ళలో 12 శాతం. 25 ఏళ్ళు దాటిన వాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళు అటు 48 శాతం, ఇటు 32 శాతం. ఇంతవరకు చూసి చాలామంది ఆగిపోతారు. అదే లెక్కల్లో ఇంకో విషయం కూడా ఉంది. వియత్నాం కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులు సొంత ఇంట్లో ఉన్నాయి. ఏడాదికి 20 వేలు తక్కువ సంపాదించే వాళ్ళు ఇళ్ళ విషయంలో మాత్రం ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఏమాత్రం తీసిపోలేదు.

కుటుంబ ఆదాయం అన్న మాటను కూడా జాగ్రత్తగా చూడాలి. ఫిలిప్పీన్స్ వాళ్ళ ఇంటి నుంచి నా బల్ల మీదికి ఒక్కోసారి నాలుగు డబ్ల్యూ-2 కాగితాలు (కంపెనీ ఉద్యోగికి ఇచ్చే ఏడాది జీతం లెక్క) వచ్చేవి. అమ్మ ఆసుపత్రిలో, నాన్న ఎయిర్‌పోర్టులో, కొడుకు స్టోర్‌లో, పెళ్ళికాని పిన్ని వృద్ధుల సంరక్షణ గృహంలో. నలుగురి జీతం కలిస్తే లెక్క పెద్దదే. దాని మీద బతికేది ఏడుగురు, అదీ కాలిఫోర్నియా అద్దెలతో.

ఇక దారుల సంగతి. ఫిలిప్పీన్స్ 1898 నుంచి 1946 దాకా అమెరికా పాలనలో ఉంది. బడులు ఇంగ్లీషులో నడిచాయి, నర్సింగ్ కాలేజీలు అమెరికా పద్ధతిలో పెట్టారు. 1948లో మొదలైన ఎక్స్ఛేంజ్ విజిటర్ కార్యక్రమం కింద నర్సులు వచ్చారు, 1965 వలస చట్టం తర్వాత ఆ రాక ఇంకా పెరిగింది. అమెరికా నౌకాదళం స్వాతంత్ర్యం ఇచ్చిన తర్వాత కూడా దశాబ్దాల పాటు అక్కడి నుంచే కుర్రాళ్ళను చేర్చుకుంది. అంటే విమానం దిగే రోజుకే వీళ్ళ చేతిలో ఇంగ్లీషు, సర్టిఫికెట్, ఉద్యోగం ఉన్నాయి. అంతకుముందు తరం కథ వేరు. 1920లు, 30లలో వచ్చిన వాళ్ళు పొలం కూలీలు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్ష తోటల్లో సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఆ ఫిలిప్పీన్స్ కూలీలే. ఒకే దేశం వాళ్ళు, ఒక తరం తోటల్లో, ఇంకో తరం ఆసుపత్రుల్లో. మధ్యలో మారింది జనం తత్వం కాదు, వీసా.

వియత్నాం వాళ్ళు వీసా చూసుకుని రాలేదు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయింది. ఆ ఏడాది సుమారు 1,25,000 మందిని ఇక్కడికి తెచ్చి సైనిక స్థావరాల్లో దించారు. వాళ్ళలో అధికారులు, చదువుకున్న వాళ్ళు ఎక్కువ. 1978 తర్వాత పడవల్లో సముద్రం దాటి వచ్చిన వాళ్ళలో జాలర్లు, చిన్న వ్యాపారులు, రైతులు ఉన్నారు. 1989 తర్వాత, యుద్ధం ముగిశాక ఏళ్ళ తరబడి నిర్బంధ శిబిరాల్లో మగ్గిన పాత సైనికులు వచ్చారు. నలభై ఏళ్ళ వయసులో, భాష రాకుండా, ఆరోగ్యం పాడై వచ్చిన మనిషి సంపాదనను ఉద్యోగం చేతిలో పెట్టుకుని వచ్చిన నర్సు సంపాదనతో పోల్చి తత్వం గురించి మాట్లాడటం నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

మా పాత అపార్ట్‌మెంట్‌కు రెండు వీధుల అవతల ఉండే ఒక వియత్నాం ఆవిడ సంగతి చెబుతాను. అందరూ ఆవిడను 'చి' అని పిలుస్తారు, వాళ్ళ భాషలో అక్క అని. పడవలో మలేషియా చేరి, పులావ్ బిడాంగ్ శిబిరంలో పది నెలలు ఉండి, 1982లో శాన్‌హోసే వచ్చింది. అప్పట్లో ఇక్కడి ఎలక్ట్రానిక్స్ కంపెనీల అసెంబ్లీ లైన్లలో వియత్నాం ఆడవాళ్ళు చాలామంది పనిచేసేవారు. ఈవిడా పంతొమ్మిదేళ్ళు సర్క్యూట్ బోర్డులు అతికింది. 2001లో డాట్‌కామ్ కంపెనీలు (ఇంటర్నెట్ కంపెనీలు) కుప్పకూలినప్పుడు లైను మొత్తం తీసేశారు. 400 గంటల శిక్షణ పూర్తిచేసి, లైసెన్స్ పరీక్ష వియత్నామీస్‌లోనే రాసి, గోళ్ళకు అలంకరణ చేసే నెయిల్ సెలూన్‌లో చేరింది.

గోళ్ళ పని వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో తెలిస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. 1975లో శాక్రమెంటో దగ్గర ఒక శరణార్థి శిబిరానికి సాయం చేయడానికి వచ్చిన నటి టిప్పీ హెడ్రెన్ గోళ్ళను చూసి అక్కడి ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. ఆమె తన మానిక్యూరిస్ట్‌ను పిలిపించి ఇరవై మందికి పని నేర్పించింది. ఆ ఇరవై మంది చెల్లెళ్ళకు, వదినలకు నేర్పారు. ఇంగ్లీషు పెద్దగా అక్కర్లేదు, శిక్షణ కొన్ని నెలలే, మొదటి వారం నుంచే డబ్బు. ఇప్పుడు దేశంలోని నెయిల్ టెక్నీషియన్లలో సగం మంది వియత్నాం మూలాల వాళ్ళే.

ఈ పనిలో ఉన్న చిక్కు నాకు టాక్స్ బల్ల దగ్గరే అర్థమైంది. సెలూన్‌లో చాలామంది జీతం మీద కాదు, వాటా మీద పనిచేస్తారు. వచ్చిన దాంట్లో 60 శాతం మనిషికి, 40 శాతం షాపుకు. టిప్పులు నగదు. ఏడాది చివర డబ్ల్యూ-2 బదులు 1099 అనే కాగితం ఇస్తారు, అది ఉద్యోగి కాని వాళ్ళకు ఇచ్చేది. సొంత వ్యాపారం కింద లెక్క కాబట్టి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్), మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పన్నులో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ కలిపి 15.3 శాతం మనిషే కట్టాలి. అది చూసి భయపడి చాలామంది ఆదాయం తక్కువ చూపిస్తారు. ఆ ఏడాదికి రెండు మూడు వేలు మిగిలినట్టు అనిపిస్తుంది. కానీ సోషల్ సెక్యూరిటీ పెన్షన్ లెక్కకట్టేది 35 ఏళ్ళ సంపాదన మీద, అదీ కాగితం మీద చూపించిన సంపాదన మీద. చి కాగితాలు చూసినప్పుడు ఆవిడకు వచ్చే పెన్షన్ నెలకు 1,150 డాలర్లని తేలింది. ఇరవై ఏళ్ళు ఆ రసాయనాల వాసన పీల్చిన మనిషికి అంతే. "అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే" అంది. నాకు గొంతు పట్టేసింది. ఆ తర్వాత సెలూన్ నుంచి ఏ చిన్నమ్మాయి వచ్చినా ఈ లెక్క కాగితం మీద వేసి చూపించకుండా నేను పంపలేదు.

మరి ఇంత తక్కువ చూపించిన ఆదాయంతో ఇళ్ళు ఎలా కొన్నారు? దీనికి జవాబు మనకు బాగా తెలిసిందే. చిట్టీ! వాళ్ళు 'హుయి' అంటారు. ఇరవై మంది నెలకింత వేస్తారు, అవసరం ఉన్నవాళ్ళు పాట పాడుకుని ఎత్తుకుంటారు. బ్యాంకు తలుపు తెరవని రోజుల్లో సెలూన్ అడ్వాన్సులు, ఇంటి డౌన్ పేమెంట్లు దీని నుంచే వచ్చాయి. మా తెనాలిలో అమ్మ నడిపిన చిట్టీ గురించి చెబితే చి నా చెయ్యి పట్టుకుని నవ్వింది. మోసాలూ మనలాగే. ఒకసారి నడిపినావిడ డబ్బుతో సహా రాత్రికి రాత్రి ఊరు వదిలేస్తే ఈవిడ తొమ్మిది వేలు పోయాయి. అయినా 1989లో తను, అన్నగారి కుటుంబం కలిసి తూర్పు శాన్‌హోసేలో 2,10,000 డాలర్లకు ఇల్లు కొన్నారు. ఒక్క కప్పు కింద పదిమంది. ఆ ఇల్లు ఇప్పుడు పది లక్షలు దాటింది, అప్పు తీరిపోయింది. వెనక్కి వెళ్ళే దారి లేని వాళ్ళు కాబట్టి డబ్బంతా ఇక్కడే పాతుకుంది. 1994లో వియత్నాం మీద అమెరికా ఆంక్షలు ఎత్తేశాక, 1995లో రెండు దేశాల సంబంధాలు కుదిరాక అటు డబ్బు పంపడం బాగా పెరిగింది. కానీ ఇల్లు అప్పటికే వచ్చేసింది.

ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర నేను చూసింది దీనికి దాదాపు వ్యతిరేకం. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి 1991లో నర్సు వీసా మీద వచ్చిన ఒకావిడ నాకు మంచి స్నేహితురాలైంది. మేము ఆవిడను 'ఆతె' అంటాం, అది కూడా అక్క అనే. జీతం ఏడాదికి లక్షన్నర డాలర్ల పైన. ఆసుపత్రి పెన్షన్ ఉంది, రిటైర్‌మెంట్ ఖాతా ఉంది. కానీ మొదటి ఇల్లు, అదీ చిన్న టౌన్‌హౌస్, కొన్నది 2016లో. అప్పటిదాకా అద్దె. మొదటి ఏడాది రిటర్న్ రాసేటప్పుడు ఆవిడ అడిగింది: "నెలకు పన్నెండు వందలు అమ్మకు పంపుతాను. ఆవిడను డిపెండెంట్‌గా చూపించవచ్చా?" కుదరదు. కెనడా, మెక్సికోలలో ఉంటే అవకాశం ఉంటుంది కానీ, ఫిలిప్పీన్స్‌లో ఉండే, అమెరికా పౌరసత్వం లేని తల్లిని డిపెండెంట్‌గా చూపించడానికి చట్టం ఒప్పుకోదు. ముగ్గురు తమ్ముళ్ళ చదువు, ఐదుగురు మేనకోడళ్ళ ఫీజులు, అమ్మ డయాలసిస్, ప్రతి తుఫాను తర్వాత కొత్త పైకప్పు. వీటిలో ఏదీ ఏ అమెరికా లెక్కలోనూ కనబడదు. ప్రపంచం నలుమూలల నుంచి ఫిలిప్పీన్స్‌కు 2023లో వెళ్ళిన సొమ్ము 33 బిలియన్ డాలర్ల పైనే, అందులో పెద్ద వాటా అమెరికాది. ఆతె లాంటి వాళ్ళ ఇల్లు ఇక్కడ కాదు, అక్కడ కట్టబడింది.

ఆ జీతానికి వాళ్ళు చెల్లించిన మూల్యం ఇంకొకటి ఉంది. అమెరికా రిజిస్టర్డ్ నర్సుల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు సుమారు 4 శాతం. 2020 సెప్టెంబరులో నర్సుల సంఘం విడుదల చేసిన లెక్కలో కోవిడ్‌తో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడో వంతు వాళ్ళే. ఆ వసంతంలో ఆతె గరాజ్‌లో పడుకునేది, ఇంట్లో వాళ్ళకు అంటుకుంటుందని.

పిల్లల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే పైన ఇచ్చిన డిగ్రీ లెక్క తరాలను కలిపేస్తుంది. ఇక్కడ పుట్టిన వియత్నాం పిల్లల్లో డిగ్రీలు తల్లిదండ్రుల తరం కంటే చాలా ఎక్కువ. చి కొడుకు ఫార్మసిస్టు. ఫిలిప్పీన్స్ వాళ్ళలో అలాంటి పెరుగుదల లేదు. వలస వచ్చిన తరానికే డిగ్రీలు ఎక్కువ, ఇక్కడ పుట్టిన పిల్లలు కాస్త వెనకబడ్డారు. అమ్మ రాత్రి డ్యూటీ, నాన్న రెండు ఉద్యోగాలు, హోంవర్క్ చూసేది ఎవరు? నాకు తోచిన కారణం అదొకటి.

ప్యూ వాళ్ళ అదే లెక్కల్లో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం 1,19,000 డాలర్లు అని మన వాట్సాప్ గ్రూపుల్లో గర్వంగా తిప్పుతుంటారు. నా భర్త హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చాడు, నేను ఆ వీసా ఉన్నవాళ్ళ భార్యకు ఇచ్చే హెచ్-4 మీద. ఇంజనీరింగ్ చదివి, ఇంటర్వ్యూలో నెగ్గి, కంపెనీ ఫీజులు కట్టిన వాళ్ళే ఆ గేటు దాటారు. గుంటూరు జిల్లా మిర్చి రైతులను ఒక్క రాత్రిలో పడవ ఎక్కించి ఇక్కడ దించి ఉంటే మన లెక్కలు ఎలా ఉండేవో ఆలోచించండి.

అందుకే "ఎవరు మెరుగు" అన్నప్పుడు నాకు ఆ ఇద్దరు అక్కలే గుర్తొస్తారు. చికి అప్పు లేని ఇల్లు ఉంది, కొడుకు పక్క గదిలోనే ఉన్నాడు, కానీ పెన్షన్ చాలదని వారానికి మూడు రోజులు ఇంకా సెలూన్‌కు వెళ్తుంది. ఆతెకు వచ్చే జూన్‌లో రిటైర్‌మెంట్. పెన్షన్ బాగానే వస్తుంది. టౌన్‌హౌస్ మీద ఇంకా ఇరవై ఏళ్ళ అప్పు ఉంది, ఇలోయిలోలో రెండంతస్తుల ఇల్లు సిద్ధంగా ఉంది. సోషల్ సెక్యూరిటీ డబ్బు అక్కడికి వెళ్తుంది, మెడికేర్ అక్కడ పనిచేయదు. మోకాలి ఆపరేషన్ అయ్యేదాకా ఇక్కడే ఉండాలా, అమ్మ ఉన్నప్పుడే వెళ్ళిపోవాలా అని పోయిన వారం కూడా నన్ను అడిగింది. ఇద్దరం కాగితం మీద రెండు వైపులా లెక్క రాశాం, ఇంకా తేల్చుకోలేదు.